తాళాలాయన మారుమనస్సు

పెళ్ళయిన మొదటి వారం నుంచే ప్రార్థనమ్మ మొగుడి కోసం మోకాళ్ళూనడం మొదలుపెట్టింది. ప్రార్థనమ్మ అన్నది చర్చి సంఘంలో వాళ్ళు పెట్టిన పేరు. ఎవరింట్లో జ్వరం తగ్గకపోయినా, ఎవరి కొడుక్కి ఉద్యోగం రాకపోయినా ముందు ఆమెకే కబురొచ్చేది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని ఆమెది. షిఫ్టు దిగి, ఆవిరికి ఉబ్బిన చేతులతోనే తల మీద ముసుగు వేసుకుని బయల్దేరేది. ఆమె వెళ్ళిన ఇళ్ళలో సగానికి సగం మేలు జరిగిందని చెప్పుకునేవాళ్ళు. మిగతా సగం సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇంట్లో మాత్రం ఆమె ప్రార్థన రాయి మీద పోసిన నీళ్ళే. మొగుడు తాళాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో చిన్న కొట్టు, గోడల నిండా గుత్తులు గుత్తులుగా తాళంచెవులు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, అందరికీ తాళాలాయనే. తాగడు, అబద్ధమాడడు, పెళ్ళాం మీద గొంతు లేపడు. వంక పెట్టడానికి ఏమీ లేదు, దేవుడంటే నమ్మకం లేకపోవడం తప్ప. మందిరానికి రమ్మంటే నవ్వేవాడు. “లోపల మనిషున్నాడో లేడో తెలీని ఇంటి తలుపు నేను తియ్యనే. తీశాక ఎవడూ లేకపోతే దొంగతనం కేసు నా మీద పడుద్ది,” అనేవాడు. ఒక్కోసారి ఇన్నేళ్ళుగా అడుగుతున్నావు కదా, మీ దేవుడికి చెవుడేమో కనుక్కోమనేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది, నవ్వినందుకు మళ్ళీ దేవుడికి క్షమాపణ చెప్పుకునేది.

అడగందే అమ్మైనా పెట్టదు కదా అని ఆమె అడుగుతూనే ఉంది. అడగడం కూడా కొలతలిచ్చి బట్టలు కుట్టించుకున్నట్టు అడిగేది. ఆయన తెల్లచొక్కా వేసుకుని మందిరంలో ముందు వరసలో తన పక్కన కూర్చోవాలి. పాటల పుస్తకం ఇద్దరూ కలిసి పట్టుకోవాలి. కొన్నాళ్ళకి సంఘ పెద్దల్లో ఒకడవ్వాలి. సంఘమంతా ‘అదీ ప్రార్థనమ్మ విశ్వాసం’ అనుకోవాలి. ఈ చివరి మాట దేవుడితో ఎప్పుడూ పైకి అనలేదు గానీ, ఆయనకి తెలియదా?

వాళ్ళకి ఒక్కతే కూతురు. నోరు మూతపడని పిల్ల కాబట్టి తండ్రి ‘పిచ్చుక’ అని పిలిచేవాడు. పొద్దున తల్లితో మందిరంలో పాడేది, సాయంత్రం తండ్రి కొట్లో పీట మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేది. అమ్మ ప్రార్థనకి ఆమెన్ అనేది, నాన్న జోకుకి పగలబడి నవ్వేది. పెద్దయ్యాక నర్సు చదువులో చేరింది, తల్లి పనిచేసే ఆసుపత్రిలోనే.

ఒక పొద్దున ఆ పిల్ల సైకిల్ మీద క్లాసుకి వెళ్తుంటే వంతెన మలుపులో పాలవ్యాను గుద్దింది. తరవాతి డ్యూటీవాడు రాకపోతే రెండో ట్రిప్పూ తనే ఎత్తుకున్న డ్రైవరు, స్టీరింగు మీదే కునికిపాటు పడ్డాడు. పిల్లని తెచ్చింది తల్లి ఉన్న ఆసుపత్రికే. కింద లాండ్రీలో ఆమె మడతలు పెడుతూనే ఉంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళారు. కూతురి మీద కప్పిన దుప్పటి అంతకు ముందురోజు తన చేత్తో ఇస్త్రీ చేసిందే.

డ్రైవరు పారిపోలేదు, కోర్టులో అంతా ఒప్పుకున్నాడు. శిక్ష పడింది. విచారణ జరిగినన్నాళ్ళూ ఆమె వెనక బెంచీ మీద కూర్చుని వాడి తల వెనక భాగమే చూసింది. ముఖం చూడాలనిపించలేదు. అప్పటి నుంచి ఒకే నోటితో రెండు ప్రార్థనలు చేసేది. మొగుణ్ణి రక్షించమని ఒకటి, వాణ్ణి విడిచిపెట్టొద్దని రెండోది. “వాడు అందులోనే కుళ్ళాలి ప్రభువా,” అని పైకే అనేది. చుట్టూ మోకరించిన ఆడవాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. కడుపుకోత తల్లిది కదా, కాదని ఎవరంటారు? ప్రభువు నేర్పిన ప్రార్థనలో క్షమాపణ మాట దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు ఆగిపోయేది. పక్కవాళ్ళు గొంతు పెంచి ఆ ఖాళీ కనబడకుండా చేసేవాళ్ళు.

తాళాలాయన మాత్రం మాటే మానేశాడు. జోకులు పోయాయి. కొట్టు తెరిచేవాడు గానీ ఇచ్చిన తాళం ఇచ్చినట్టే పడి ఉండేది. ఆమె ఆయన్ని ఓదార్చలేదు, ఆయనా ఆమెని ఓదార్చలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రెండు వేరే ఊళ్ళలో తింటున్నట్టు తినేవాళ్ళు.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక ఆదివారం, పాట మధ్యలో మందిరం తలుపు తెరుచుకుంది. తాళాలాయన లోపలికొచ్చి ఆఖరి బెంచీలో, గొడుగులు ఆనించే మూల కూర్చున్నాడు. తెల్లచొక్కా కాదు, కొట్లో వేసుకునే నూనె మరకల చొక్కా. ప్రార్థనమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఏం జరిగిందని ఆమె అడగలేదు. అడిగితే ఎక్కడ చెదిరిపోతుందో అని భయం. ఆయన ప్రతి ఆదివారం వచ్చాడు. పాస్టరుగారి దగ్గర కూర్చుని వాక్యం విన్నాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్ళలోంచి లేచి తల విదిల్చుకుంటున్న మొగుణ్ణి చూసి ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. పిల్ల పోయాక ఆమె కడుపు నిండా అన్నం తిన్నది ఆ రోజే. దేవుడు ఒకటి విన్నాడు, రెండోదీ వింటాడు అనుకుంది.

తరవాతి ఆదివారం పాస్టరుగారు తాళాలాయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె ముందు వరసలో రుమాలు చేతిలో పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

ఆయన లేచి రెండు చేతులూ ముందు బెంచీ మీద ఆనించాడు. “నాకు ఇలా నిలబడి మాట్లాడటం రాదు. కొన్నాళ్ళ కింద జైల్లో సామాన్ల గది తాళం బిగుసుకుపోయిందని నన్ను పిలిపించారు. వెళ్ళాను. అక్కడ వరండా తుడుస్తున్నవాడు వాడే. మా పిల్లని గుద్దినవాడు. నన్ను గుర్తుపట్టాడు. గుడ్డ పక్కన పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నా చేతిలో సుత్తి ఉంది. కాపలా అతను అటెక్కడికో వెళ్ళాడు. కొట్టాలనే ఉంది నాకు. వాడు కళ్ళు మూసుకున్నాడు. కొడితే బాగుండునని వాడూ ఎదురుచూస్తున్నాడు. అప్పుడు నేను దేవుణ్ణి పిలిచాను. ఎప్పుడూ పిలవలేదు, ఎలా పిలవాలో తెలీదు. మా ఆవిడ ఎలా పిలుస్తుందో అలాగే పిలిచాను.”

చొక్కా చివరతో ముఖం తుడుచుకున్నాడు.

“సుత్తి సంచిలో పెట్టేసి కింద కూలబడ్డాను. వాడూ కూర్చున్నాడు. ఇద్దరం ఏడ్చాం. నా చెయ్యి పట్టి ఆపినవాడెవడో నాకు తెలిసింది అక్కడే. అప్పట్నుంచి వాణ్ణి చూడ్డానికి వెళ్తున్నాను. నిన్న కూడా వెళ్ళొచ్చాను. అంతే.”

సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనడం అక్కడ మామూలు. ఆ రోజు ఒక్క నోరూ లేవలేదు. ఒక పెద్దాయన దగ్గాడు. పాటలవాళ్ళు ఏ పాట ఎత్తుకోవాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళంతా తలలు తిప్పి ప్రార్థనమ్మని చూశారు. ఆమె రుమాలు మడత పెట్టి సంచిలో దాచుకుని, మధ్య దారిలోంచి నడుచుకుంటూ బయటికెళ్ళిపోయింది.

ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. ఆమే ముందు అడిగింది. “నా బిడ్డని చంపినవాడి దగ్గరా మీకు దేవుడు దొరికింది?”

“నేను వెతుక్కుంటూ వెళ్ళలేదే. అక్కడున్నాడు.”

“నేను ఇన్నేళ్ళు పిలిస్తే రాలేదు. వాడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళాడా?”

“నువ్వు పిలవబట్టే వచ్చాడేమో,” అన్నాడాయన. మెత్తగానే అన్నాడు. ఆమెకి అది పుండు మీద కారంలా తగిలింది.

ఆ తరవాత లోకం తల్లకిందులైంది. మొగుడు మందిరానికి వెళ్తుంటే పెళ్ళాం ఇంట్లో ఉండిపోయేది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇంట్లో భక్తి ఒకరికి సరిపడానే ఉందని, ఒకరు తీసుకుంటే ఇంకొకరికి మిగలదని నవ్వుకున్నారు. కొన్నాళ్ళకి ఆమె ఊరి అటు చివర వేరే మందిరానికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ కూర్చుని, మొగుడికి పట్టిన ఈ పిచ్చి వదిలించమని అడిగేది. తను ఇన్నేళ్ళూ అడిగిన దానికి ఇది జవాబు కాదని, ఎక్కడో పొరపాటు జరిగిందని ఆమెకి గట్టి నమ్మకం. తనకి తెలిసిన దేవుడు తల్లి పక్షం ఉండేవాడు.

తాళాలాయన ఆమెని దేనికీ బలవంతపెట్టలేదు. ఆయన ముఖంలోకి మళ్ళీ నవ్వొచ్చింది, కొట్లో పని నడిచింది. జైలుకి వెళ్ళే రోజున సబ్బో, ఉతికిన తన చొక్కానో సంచిలో పెట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకటి రెండుసార్లు ఆయన, “నీకొక సంగతి చెప్పాలే, పిల్ల పోయిన పొద్దుటి గురించి,” అంటూ మొదలుపెట్టాడు. ఆ పొద్దుటి మాటెత్తితే ఇల్లు వదిలిపోతానని ఆమె లేచి వెళ్ళిపోయింది.

డ్రైవరు విడుదలయ్యే రోజు దగ్గరపడింది. ఆయన కంచం ముందు కూర్చుని, ఒక్కసారి తనతో రమ్మని అడిగాడు. వాడితో మాట్లాడక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలన్నాడు. వాడు ఆమెకి ఒక మాట చెప్పుకోవాలనుకుంటున్నాడట.

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “మీరు నమ్మనప్పుడే బాగుండేది,” అంది. “మీ వెటకారం భరించాను. ఈ భక్తి నావల్ల కాదు. ఇలాంటి మొగుణ్ణి నేను దేవుణ్ణి అడగలేదు.”

ఆయన తలెత్తి చూశాడు. అన్నం ముగించి, కంచం కడిగి బోర్లించి కొట్టుకి వెళ్ళాడు.

అవే ఆఖరి మాటలు కావు. ఆ తరవాత కూడా నీళ్ళు వస్తున్నాయా, తలుపు వేశావా అన్న మాటలు నడిచాయి. కానీ మాటల్లో మాటంటూ వాళ్ళ మధ్య జరిగింది అదే ఆఖరు. డ్రైవరు విడుదలైన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం లాండ్రీ దగ్గరికి కబురొచ్చింది. తాళాలాయన కొట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట. ఆమె వెళ్ళేసరికి ఆకురాయి ఇంకా గుప్పిట్లోనే ఉంది. తెరవమని ఇచ్చిన పెట్టె తాలూకు మనిషి వాకిట్లో నిలబడి, ఏం చెయ్యాలో తెలియక టోపీ నలుపుతున్నాడు.

సమాధి రోజున జనం బాగానే వచ్చారు. ఎవరింటి తలుపు ఇరుక్కున్నా వెళ్ళి తీసిన మనిషి కదా. గేటు అవతల, గోడ నీడలో ఒకడు విడిగా నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. వాడి ఒంటి మీద చొక్కా ప్రార్థనమ్మ తన చేత్తో ఎన్నోసార్లు ఉతికిందే. అప్పుడు ఆమెకి అర్థమైంది వాడెవరో. ఇన్నేళ్ళూ తలలో మోసిన మనిషికీ వీడికీ పోలికే లేదు. బక్కపలచగా, భుజాలు వంగిపోయి, ఆయన చొక్కాలో సగం కూడా నిండకుండా ఉన్నాడు. పెట్టె దించాక మట్టి పోసేవాళ్ళు అలసిపోతే, వాడు వచ్చి అడక్కుండానే పార అందుకున్నాడు. చివరిదాకా పోశాడు. ఎవరో ఆమె చెవిలో వెళ్ళగొట్టమంటారా అన్నారు. ఆమె వద్దని తలూపింది. అది దయ కాదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియని భయం.

ఇల్లు ఖాళీ అయ్యాక, తను అన్న మాట ఆమెకి తిరిగి వినపడటం మొదలైంది. దుప్పట్లు పరిచేటప్పుడు, ఆవిరి బుస్సుమన్నప్పుడు, నమ్మనప్పుడే బాగుండేది, నమ్మనప్పుడే బాగుండేది. ఇరవై ముప్పై ఏళ్ళు ఏ మనిషి కోసం మోకాళ్ళు అరగదీసుకుందో, ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే పోల్చుకోలేదు. తను గీసుకున్న బొమ్మతో సరిపోలేదని తలుపేసింది.

పాస్టరుగారి దగ్గరికెళ్ళి ఇదంతా చెప్పి, దేవుడు ఇలా ఎందుకు చేశాడని అడిగింది. ఆయన వాక్యం తెరవలేదు.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు. “ఆయన సాక్ష్యం చెప్పిన రోజు నేనూ బెదిరిపోయాను. నేను రోజూ చెప్పేదాన్ని ఒకడు నిజంగా చేసి చూపిస్తే స్తోత్రం అనడానికి కూడా నోరు రాలేదు. మీరు వాడి నాశనం కోరి ప్రార్థించినన్నాళ్ళూ పక్కనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. మీ బాధ పెద్దదని ఊరుకున్నాననుకున్నాను. నిజానికి నా మంచిపేరు పోతుందని ఊరుకున్నాను.”

ఆమెకి ఓదార్పు దొరకలేదు. కానీ ఆ ముసలి పాస్టరు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

డ్రైవరు కూరగాయల మార్కెట్లో పెట్టెలు దించే పనికి కుదిరాడని తెలిసింది. మళ్ళీ బండి ముట్టుకోలేదట. ఒక సెలవు రోజున ఆమె అక్కడికి వెళ్ళింది. ఆమెని చూసి వాడు భుజం మీది పెట్టె దించి, చేతులు చొక్కాకి తుడుచుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చోమంది. ఖాళీ పెట్టెల మీద ఎదురెదురుగా కూర్చున్నారు.

“మా ఆయన నీతో ఏం మాట్లాడేవారు?” అని అడిగింది.

“ఎక్కువ జోకులేనమ్మా,” అన్నాడు వాడు. “జైలు తాళాలు చూసి నవ్వేవారు. వీటిని పిన్నీసుతో తీస్తాను, కానీ నిన్ను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను అనేవారు. మిమ్మల్ని గురించి చాలా చెప్పేవారు. నేనిక్కడ నీ పక్కన కూర్చున్నానంటే మా ఆవిడ మోకాళ్ళ చలవ, నా గొప్ప కాదు అనేవారు.”

ఆమె నేల చూపులు చూసింది. మార్కెట్లో బేరాలు సాగుతున్నాయి, ఎవరో ఎవరినో తిడుతున్నారు. వాడు, ఆ పొద్దుటి సంగతి అడిగితే చెప్తానన్నాడు. ఆమె ఇవాళ వద్దని లేచింది.

మళ్ళీ వెళ్ళడానికి చాలా రోజులు పట్టింది. వెళ్ళి, ఇప్పుడు చెప్పమంది.

వాడు నేల చూస్తూ చెప్పాడు. “రోడ్డు మీద ఎవరూ లేరమ్మా. నేను దిగి పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలీక చెయ్యి పట్టుకున్నాను. మాట్లాడలేదు ఆ అమ్మాయి. కానీ నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. జనం వచ్చేదాకా వదల్లేదు. నేనూ వదల్లేదు. తను ఒంటరిగా లేదమ్మా. ఇది మీకు చెప్పాలనే నేను ఎదురుచూసింది. మీ ఆయనగారికి చెప్తే చాలా ఏడ్చారు. మీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నారు. వినే రోజు వస్తుందిలే అనేవారు.”

తన పిచ్చుక ఆ మలుపులో ఒంటరిగా పోయిందన్న తలపే ఇన్నాళ్ళూ ఆమె గుండెల మీద కుంపటి. దాన్ని దించే మాట తన ఇంట్లోనే, తన బల్ల ముందే ఉంది. చెప్పబోయిన మనిషిని రెండుసార్లు లేచిపోయి ఆపింది. వింటే ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపు ఆయన జైలు వరండాలో పరాయివాడితో ఏడవాల్సి వచ్చింది.

ఆమె వాడిని క్షమించానని చెప్పలేదు. చెయ్యి చాచి వాడి చెయ్యి పట్టుకుంది, కూతురు పట్టుకున్న చెయ్యి. వాడు తల వంచుకుని ఏడ్చాడు. ఆమెకి కన్నీళ్ళు రాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా సమాధుల దగ్గరికి నడిచింది. ఎండ బాగా ఉంది. కాపలా ముసలాయన దూరంగా గడ్డి కోస్తున్నాడు. తాళాలాయన రాయి పక్కన, ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది.

“విన్నానండీ,” అంది. “ఇవాళ విన్నాను.”

ఇంకా చాలా చెప్పాలనుకుంది. ఆ రోజు గరిటె పట్టుకుని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, ఆయనలాంటి మొగుణ్ణే మళ్ళీ అడుగుతానని, ఈసారి కొలతలివ్వనని. వినే మనిషి ఉన్నప్పుడు లేని మాటలు ఇప్పుడు వరస కడుతుంటే సిగ్గేసి ఊరుకుంది. ప్రభువుని కూడా ఏమీ అడగలేదు. కాసేపటికి రాయి మీద పడిన ఆకులు చేత్తో తీసేసి, మధ్యాహ్నం షిఫ్టుకి వేళవుతోందని లేచి వెళ్ళింది.